ముందు తాడు, వెనక సంచి

నేను సముద్రం ఉద్యోగం మానడానికి నాలుగేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి మొదటి వారంలో, మా ఓడ పంచదార ఎక్కించుకోవడానికి దక్షిణ అమెరికా తూర్పు తీరంలోని ఒక పెద్ద రేవుకు చేరింది. ఆ ఓడ మీద నేను బోసన్ని. మన వైపు పాతవాళ్లు ఈ ఉద్యోగాన్ని సారంగు అంటారు. డెక్కు మీద పనిచేసే ఖలాసీలందరికీ సారంగు పెద్ద, ఆఫీసర్లందరికీ చిన్న. చీఫ్ ఆఫీసరు పొద్దున్నే పని చెబుతాడు, దాన్ని ఎవరి చేత ఎలా చేయించాలో సారంగు చూసుకుంటాడు. తాళ్లు, లంగరు, గిడ్డంగి మూతలు, తుప్పు, రంగు, ఇవన్నీ మా శాఖ.

ఆ రేవు పేరు రాయను. అక్కడ జరిగింది ఎక్కడైనా జరుగుతుంది, మన బస్సు కాంప్లెక్సుల్లోనూ జరుగుతుంది. పైగా ఆ ఊరికి నేనొక ముడి ఉచితంగా నేర్పి వచ్చాను. ఆ సంగతి తర్వాత.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే మా ఊరు. అక్కడ ఈ కథ తెలియనివాళ్లు లేరు. వాళ్లకి తెలిసిన కథలో దొంగలు ఆరుగురు, ఒకడి చేతిలో జానెడు కత్తి. నేను హీవింగ్ లైను విసిరి ఇద్దరి కాళ్లకి చుట్టి పడగొట్టాను. హీవింగ్ లైను అంటే ఓడ మీంచి గట్టుకి విసిరే సన్నతాడు, చివర బరువైన ముడి ఉంటుంది. ఊరు చూడ్డానికి వెళ్లినవాడి జేబులో హీవింగ్ లైను ఎందుకుందని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అడగలేదు కాబట్టే మొన్న మా మేనకోడలి పెళ్లిలో దొంగలు ఎనిమిది మందయ్యారు. ఇది అచ్చులో వచ్చేది కనుక జరిగింది జరిగినట్టు రాయాలని కూర్చున్నాను. అయినా పాత అలవాటు. ఎక్కడైనా చెయ్యి జారితే నేనే వెనక్కి వచ్చి దిద్దుతాను.

ఆ ఓడ మీద మన జిల్లాలవాళ్లం ముగ్గురం. అప్పన్నది భోగాపురం వైపు రేవు. ఏబీ ర్యాంకు, అంటే చుక్కాని పట్టడం కూడా వచ్చిన ఖలాసీ. ముప్పై దాటినవాడు, మాట తక్కువ. నన్ను మావా అనేవాడు. నూకరాజు వంటవాడు. నా ఈడువాడే, మాట ఎక్కువ. నన్ను బావా అనేవాడు, కోపం వస్తే సారంగూ అనేవాడు.

ఊళ్లోకి వెళ్లడాన్ని షోర్ లీవు అంటారు. దానికి ఇమ్మిగ్రేషన్ వాళ్లు షోర్ పాస్ అనే కాగితం ఇస్తారు. ఆ రేవులో కాగితం ఒక్కటే చాలదు, అసలు సీడీసీ, అంటే ఓడ ఉద్యోగి సర్వీసు పుస్తకం, అది కూడా దగ్గర ఉండాలన్నారు. పాస్‌పోర్టు మనిషిది ఏ దేశమో చెబుతుంది. సీడీసీ ఆ మనిషి ఏ ఓడ మీద ఎన్నాళ్లు పనిచేశాడో చెబుతుంది. ఎక్కిన తేదీ, దిగిన తేదీ, కెప్టెన్ సంతకం, ముద్ర. పై పరీక్షకి కూర్చోవాలంటే ఆ ముద్రలే సాక్ష్యం. మామూలుగా ఆ పుస్తకాలు కెప్టెన్ సేఫులో ఉంటాయి. ఆ రోజు మా చేతికిచ్చారు.

అప్పన్న పుస్తకంలో తొమ్మిదేళ్ల ముద్రలున్నాయి. అతను పనిచేసిన కంపెనీల్లో రెండు మూతపడ్డాయి. ఆ పుస్తకం పోతే మళ్లీ రాసిచ్చే నాథుడు లేడు. ఆ ఓడ దిగిన నెలలోనే అతను ఆఫీసరు పరీక్షకి కూర్చోవాలి. వాళ్ల రేవు నుంచి ఖలాసీలుగా వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ ఆఫీసరు బట్టలు వేసుకున్నవాడు అప్పటికి ఒక్కడూ లేడు.

గ్యాంగ్‌వే, అంటే ఓడ దిగే మెట్లు. దాని దగ్గర చీఫ్ ఆఫీసరు మాకు ఒక కాగితం చదివి వినిపించాడు. ముగ్గురికి తక్కువ కాకుండా నడవండి. బంగారం వద్దు. ఫోను చేతిలో పట్టుకోవద్దు. ఎవరైనా బట్టల మీద మరక పడిందని తుడవబోతే ఆగకండి. ముక్కూమొహం తెలియనివాళ్లకి సాయానికి నిలబడకండి. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. ఏదైనా పోతే వెంటనే ఓడకి వచ్చి రిపోర్టు చెయ్యండి. సాయంత్రం ఆరుకి ఓడ మీద ఉండాలి, మర్నాడు పొద్దున్న ఓడ కదులుతుంది. చదవడం అయ్యాక కింద సంతకం పెట్టించుకున్నాడు.

ఆయన చదివింది నాకు సరిపోలేదు. ముప్పై ఏళ్లలో ఏ దేశంలోనూ నా దగ్గర గుండుసూది కూడా పోలేదని మావాళ్లకి మరోసారి చెప్పాను. ఇక్కడే ఒకసారి దిద్దాలి. ఒక ఊళ్లో ట్రాము ఎక్కుతుంటే చేతి గడియారం పోయింది. ఎవడో పేదవాడికి దానం చేశానని ఓడ మీద చెప్పాను. అంత మంచి దాతవి కదా అని నూకరాజు ఆ ఏడాదంతా నన్ను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు.

గేటు దాటగానే నేను భుజానికి తగిలించుకున్న సంచి తెరిచాను.

"ఇలగ తెండ్రా. పుస్తకాలు, పాసులు, అన్నీ నా దగ్గరుంతాయి. ముగ్గురు మూడు చోట్ల పెట్టుకుంతే మూడు దొంగతనాలు. ఒక్కసోటుంతే నా కన్నొక్కటీ సాలు."

అప్పన్న పుస్తకం వెంటనే ఇవ్వలేదు. చొక్కా లోపలి జేబు మీద చెయ్యి పెట్టుకుని, "నా దగ్గరుంతే ఏటి మావా?" అన్నాడు.

"నీ దగ్గరుంతే నీ దగ్గరుంతాది. నా దగ్గరుంతే బేంకులో ఉంతాది," అన్నాను.

ఇచ్చాడు.

మా ప్రయాణం పచ్చిమిరపకాయల కోసం. ఓడలో మిరపకాయలు అయిపోయి రెండు వారాలైంది. నూకరాజు అప్పటికే చారులో మిరియం దంచి దంచి విసిగిపోయాడు. కొండ మీంచి రేవుకి దిగే వీధి చివర బజారు ఉందని రేవులో మా ఓడ పనులు చూసే ఏజెంటు గుమాస్తా చెప్పాడు. ముందు కొండ ఎక్కి ఊరు చూసి, ఆ వీధి పట్టుకుని దిగుతున్నాం. మధ్యాహ్నం ఎండ. జనం బాగానే ఉన్నారు.

సగం దిగాక రోడ్డు పక్కన ఒక చిన్న వ్యాను, వెనక పళ్లపెట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. వాటిని కట్టిన తాడు ఒక కొస వదులై, పెట్టెలు మా వైపు ఒరుగుతున్నాయి. ఒక పెద్దమనిషి ఆ కొస పట్టుకుని వెనక్కి వాలి, మడమలు తన్నిపెట్టి, చెమటలు కక్కుతున్నాడు. మమ్మల్ని చూసి ఒక్క కేక వేశాడు. ఆ మాట నాకు తెలియదు. జారే తాడు పట్టుకున్న మనిషి కేక ఏ దేశంలోనైనా ఒకటే.

మా ఒడ్డున పెద్దవల లాగడం చూడనివాళ్లకి ఇక్కడ ఒక మాట. పెద్దవల అంటే పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంగా వేసి, రెండు కొసల తాళ్లనీ ఒడ్డు నుంచి లాగే వల. ముప్పై నలభై మంది లాగాలి. దారిన పోయేవాడు కూడా చెయ్యి వెయ్యవచ్చు. ఎవరు నువ్వు, ఏ ఊరు అని ఎవరూ అడగరు. చెయ్యి వేసినవాడికి కూరకి చేపలు పెడతారు. చూసి కూడా చెయ్యి వెయ్యకుండా పోయినవాణ్ణి మాత్రం ఊరు గుర్తుపెట్టుకుంటుంది. మేం నడక నేర్చినప్పటి నుంచీ అంతే. తాడు కనబడితే చెయ్యి వెళుతుంది, బుర్ర తర్వాత వెళుతుంది.

కాబట్టి ముగ్గురం తాడు మీద ఉన్నాం. ముందు నేను. సంచి వీపు వెనక్కి జారింది. పట్టుకోవడంతో ఊరుకున్నానా, ఊరుకోలేదు. సారంగుని కదా. "ఒరే అప్పన్నా, కాలు తన్నిపెట్టు. నూకరాజూ, నువ్వు వాలు," అని హుకుములు. వెనకనుంచి ఒకావిడ, పువ్వుల గౌను, గొడుగు పట్టుకుని, మమ్మల్ని మెచ్చుకుంటూ ఏదో అంటోంది. మేం బిగించాం. ఆ పెద్దమనిషి తాడు కట్టబోయాడు. ఆయన వేసిన ముడి చూసి నాకు ప్రాణం ఒప్పలేదు. విప్పించి, సరుకు కదిలినకొద్దీ బిగిసే ముడి వేసి చూపించాను. ఆయన రెండోసారికి నేర్చుకున్నాడు. చెయ్యి కలిపాడు. వ్యాను వెళ్లిపోయింది. గొడుగు ఆవిడా వెళ్లిపోయింది.

పది అడుగులు వేశాక భుజం తేలిగ్గా అనిపించింది. సంచి ఉంది. సంచికి అడుగు లేదు. బ్లేడుతో ఈ చివర నుంచి ఆ చివరకి కోత. లోపల సరుకంతా పోయింది. మూడు పుస్తకాలు, మూడు పాసులు, నూకరాజు ఫోను, మిరపకాయల డబ్బు.

ఆరుగురు లేరు. కత్తి లేదు. ఒక పెద్దమనిషి, ఒక గొడుగు, ఒక బ్లేడు.

నూకరాజు సంచిలోంచి ఇటు చెయ్యి పెట్టి అటు తీశాడు. "బేంకుకి ఎనక తలుపు కూడా ఉన్నాదన్నమాట," అన్నాడు.

అప్పన్న ఆ సంచి వైపు చూడలేదు. నా మొహం చూశాడు. "నీ పుస్తకం కూడా పోనాదా మావా?"

"పోనాది," అన్నాను.

దానికి అతను నాకే ధైర్యం చెప్పాడు. "నీకు ఇంకో నాలుగేళ్లే కదా సర్వీసు. ఎలగోలాగ అయిపోతాది. నువ్వు బెంగెట్టుకోకు."

వీధిలో కొంచెం పైన ఒక పోలీసు కనిపించాడు. మేం చేతులతో చెప్పిందంతా ఓపిగ్గా చూసి, గడియారం చూపించి, రేపు స్టేషనుకి రమ్మని సైగ చేశాడు. రేపు ఓడ ఉండదు. టైం మూడు దాటింది. చీఫ్ ఆఫీసరు కాగితం ప్రకారం వెంటనే ఓడకి వెళ్లి రిపోర్టు చెయ్యాలి. రిపోర్టు చేస్తే మళ్లీ గేటు దాటనివ్వరు.

వెళ్లేది లేదన్నాం. ఆ మాట ముందు అన్నది నేనని మా ఊళ్లో చెబుతాను. అన్నది అప్పన్న. నేను అరుగు మీద కూలబడి ఉన్నాను.

"ఆలకి మన పుస్తకాలేటికి మావా? అమ్ముకుంతే కొనేవోడెవుడు? డబ్బులు, ఫోను తీసుకోని మిగిలింది పారేస్తారు. దగ్గర్లోనే పారేస్తారు. తెగిన వల ఎలగ ఎతుకుతాం? నీరు ఎటు పోతే అటే కదా. ఈ ఈదిలో జనం కిందకే పోతన్నారు. కిందకే ఎతుకుదుం. లెగు."

లేచాను. ఎడమ పక్క నూకరాజు, కుడి పక్క నేను, సందుల్లోకి అప్పన్న. కనిపించిన ప్రతి చెత్తడబ్బా మూత ఎత్తి చూశాం. చెట్ల కుండీలు చూశాం. ఆపి ఉంచిన బళ్ల కింద పడుకుని చూశాం. ఆ ఊరివాళ్లు మమ్మల్ని చూసి తమ సంచులు దగ్గరకి పట్టుకుని పక్కకి తప్పుకుంటున్నారు. ఆ మధ్యాహ్నం ఆ వీధిలో దొంగల్లా కనబడినవాళ్లం మేమే. నాకు సిగ్గు పోయి కోపం వచ్చింది. ఒకాయన దుకాణంలోంచి బయటకు వచ్చి మమ్మల్ని పొమ్మని అదిలించాడు. ఆయన డబ్బా కూడా చివరిదాకా వెతికి, మూత ఉన్నచోట పెట్టి, నమస్కారం చేసి కదిలాను.

నడుస్తున్నంతసేపూ నా ఎడమ చెయ్యి పొట్ట మీదే ఉంది. నూకరాజు అది చూసి, "ఏటి బావా, కడుపులో నొప్పా?" అన్నాడు. అవునన్నాను.

వీధి చివర బజారు. అందులో చేపల వరస. ఐసు, పొలుసు, నీళ్లు, కేకలు. ఆ వాసన తగలగానే ముగ్గురికీ నడుములు నిలబడ్డాయి. నాలుగో బల్ల దగ్గర ఒక పెద్దావిడ, రబ్బరు బూట్లు, మోకాళ్ల దాకా ఏప్రానులా కట్టిన గోనె ముందుగుడ్డ, చేతిలో చేప కోసే కత్తి. ఆవిడ తడిసిన పుస్తకమొకటి ఐసుపెట్టె మీద ఆరబెట్టి, ఫొటో వైపు చూస్తోంది. మేం వచ్చేసరికి తలెత్తి అప్పన్న మొహం చూసింది. మళ్లీ ఫొటో చూసింది. కత్తి కింద పెట్టి అతని గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి, పుస్తకం చేతిలో పెట్టింది. దాని కిందనే నూకరాజుది కూడా ఉంది. ఎవడో పరిగెడుతూ బల్ల కిందకి విసిరిపోయాడని సైగలతో చెప్పింది.

అప్పన్న అక్కడే నిలబడి పేజీలు తిప్పాడు. అంచులు తడిశాయి, ఒక ముద్ర కొంచెం అలికింది, మిగిలినవన్నీ ఉన్నాయి. అతను పుస్తకం మూసి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "అమ్మా," అన్నాడు. ఆవిడ ఏదో తిట్టింది. ఏ భాష తిట్టో తెలియకపోయినా, మా అమ్మ అదే గొంతుతో తిట్టేది.

తర్వాత ఆవిడ మమ్మల్ని లెక్కపెట్టింది. ముగ్గురు మనుషులు, రెండు పుస్తకాలు. నన్ను వేలితో చూపించి, నీదేది అన్నట్టు చెయ్యి తిప్పింది.

నేను నోరు తెరిచేలోపు బల్లను ఒక పక్కకి జరిపింది. కింద కాలువ, పైన ఇనపజాలీ. జాలీ ఎత్తి మోకాళ్ల మీద కూర్చుంది. అప్పన్న తన పుస్తకం నూకరాజుకిచ్చి, ఆవిడ పక్కనే బోర్లా పడుకుని, కాలువలోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. ఆ నీళ్లలో ఆ రోజు కోసిన చేపల పేగులన్నీ ఉన్నాయి. "ఉండు మావా, ఇక్కడికే కొట్టుకొచ్చుంతాది," అంటున్నాడు. చెంప నేలకి ఆనింది. చెవిలోకి నీళ్లు పోతున్నాయి.

ఇక్కడ వెనక్కి వచ్చి దిద్దాలి. మూడు పుస్తకాలు పోయాయని పైన రాశాను. పోయినవి రెండే. మా వాళ్లలో మగవాళ్లందరికీ మొలతాడు ఉంటుంది. వేటకి వెళ్లేటప్పుడు తడవకూడనిది, పోకూడనిది ఏదైనా మైనపుగుడ్డలో చుట్టి మొలతాడుకే కడతాం. పడవ తిరగబడినా అది పోదు. గేటు దగ్గర వాళ్లిద్దరి పుస్తకాలూ సంచిలో వేసుకునేటప్పటికే నాది మొలకి ఉంది. బేంకు నా భుజాన కాదు, నా నడుముకి ఉంది. అందులో ఖాతా నాకొక్కడికే.

అప్పన్న రెండోసారి చెయ్యి దింపాడు. ఇంక చూస్తూ నిలబడలేకపోయాను.

"లెగురా," అన్నాను. చొక్కా ఎత్తి, ముడి విప్పి, మైనపుగుడ్డ పొట్లం తీసి చూపించాను. పొడిగా ఉంది.

అప్పన్న లేచి కూర్చున్నాడు. చేతి నుంచి నీళ్లు కారుతున్నాయి. అతను అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"నీది మొలకి కట్టుకున్నావు," అన్నాడు. "మాది సంచిలో ఏసినావు."

"అవును."

"పోనాదని సెప్పినావు."

"అవును."

నూకరాజు మధ్యలోకి వచ్చాడు. "ఈ సారంగు దానం సేసిన గడియారం ఎలగ పోనాదో నాకు ఇప్పుడు తెలిసినాది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

చేపల ఆవిడ పొట్లం చూసింది, నా మొహం చూసింది, అప్పన్న చెయ్యి చూసింది. భాష రాకపోయినా ఆవిడకి అర్థం కానిది ఏమీ మిగల్లేదు. లేచి, ముందుగుడ్డ పక్కకి తీసి, తన నడుముకి కట్టుకున్న డబ్బుసంచి చూపించి, దాని మీద రెండుసార్లు గట్టిగా తట్టింది. తర్వాత వాళ్లిద్దరి పుస్తకాలనీ చూపించి, నా నడుము మీద తట్టింది. అది కూడా గట్టిగానే. ఆ తర్వాత నీళ్లగొట్టం పట్టి అప్పన్న చెయ్యి కడిగింది. నాకు ఒక్క చుక్క పొయ్యలేదు.

ఆరుకి పది నిమిషాల ముందు గ్యాంగ్‌వే ఎక్కాం. షోర్ పాసులు పోయాయి కనుక రిపోర్టు తప్పలేదు. చీఫ్ ఆఫీసరు విచారించి, ఖలాసీల్లో తాడు ముందు పట్టుకున్నది ఎవరని అడిగాడు. ఖలాసీలు కాదు, నేనే అన్నాను. ఇందులో గొప్ప లేదు. అబద్ధాలకి ఆ రోజుకి నాలో ఓపిక అయిపోయింది. ఆయన ఒక వాంగ్మూలం టైపు చేయించాడు. అందులో రెండు వాక్యాలు. నియమం మీరి అపరిచితుడికి సాయం చేశాను, ఇకముందు చేయను. మొదటి వాక్యం కింద సంతకం పెట్టి, రెండో వాక్యం కలంతో కొట్టేశాను. సర్వీసు రికార్డులో వ్యతిరేకంగా రాయాల్సి వస్తుందని ఆయన మర్యాదగానే చెప్పాడు. రాయమన్నాను. దొంగతనం చేసినవాడు తాడుని ఎరగా వేశాడు, అది వాడి తప్పు, తాడుదీ కాదు, పట్టుకున్న చేతిదీ కాదు, నా తప్పు నా నడుము దగ్గర ఉంది, అది మీ కాగితంలో లేదు అన్నాను. హిందీలో అన్నాను కనుక ఇంత బాగా వచ్చి ఉండదు. రాశాడు. ఆ గీత ఇప్పటికీ నా రికార్డులో ఉంది.

అప్పన్న నాతో పదకొండు రోజులు పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆ పదకొండు రోజుల్లో నేను పాత క్యాన్వాసు కత్తిరించి, ఓడ తెరచాపలు కుట్టే సూదితో, నడుముకి కట్టుకునే తిత్తులు కుట్టాను, డెక్కు మీది ప్రతి మనిషికీ ఒకటి. పన్నెండో రోజు అప్పన్న తన తిత్తి తీసుకుని, కుట్టు లాగి చూసి, "ఇక్కడ వదులుగున్నాది, మళ్లీ కుట్టు," అన్నాడు. మళ్లీ కుట్టాను. పరీక్ష పాసయ్యాడు. ఇప్పుడు ఓడ మీద గ్యాంగ్‌వే దగ్గర ఖలాసీలకి కాగితం చదివి వినిపించేది అతనే. అపరిచితులకి సాయం చెయ్యవద్దన్న వాక్యం వచ్చినప్పుడు చదవకుండా దాటేస్తానని ఫోనులో చెప్పాడు.

ఓడ ఉద్యోగాలకి వెళ్లే మావాళ్లు బయల్దేరే ముందు నా దగ్గరకి వచ్చి, పరాయి ఊళ్లలో ఎలా ఉండాలని అడుగుతారు. ముగ్గురుగా నడవమంటాను. ఫోను లోపల పెట్టుకోమంటాను. ఎవడో ఒకడు మోసం చేశాడని చేతులు కట్టుకుని నడవడం నేర్చుకోవద్దంటాను. తాడు జారుతుంటే పట్టుకోండి. దానికి ముందు మాత్రం ఒక పని చెయ్యండి. పక్కవాడి కాగితాలు మీ దగ్గర ఉంటే, వాటిని మొలకి కట్టుకోండి, మీవి సంచిలో వెయ్యండి.